కృష్ణానది ఒడ్డున ఏకవివాహ చట్టం: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవం

ప్రస్తావన

ఒక భార్య జీవించి ఉండగా హిందూ పురుషుడు మరొక పెండ్లి చేసుకొనడాన్ని నిషేధించిన చట్టం తెలుగువారందరికీ ఒకే రోజున రాలేదు. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకు అది 1949లో వచ్చింది. హైదరాబాదు రాజ్యంలోని తెలుగు జిల్లాలకు 1955 మే 18న, హిందూ వివాహ చట్టం రూపంలో, ఢిల్లీ నుండి వచ్చింది. ఈ మధ్యకాలంలో కృష్ణకు దక్షిణాన కర్నూలు, గుంటూరు జిల్లాలలో చెల్లని పెండ్లి, ఉత్తరాన మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో చెల్లింది. ఒకే భాష మాట్లాడుతూ, ఒకే కులానికి చెంది, నదికి అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకొనే కుటుంబాల మధ్య ఆ ఆరేళ్లు నదే న్యాయసరిహద్దుగా నిలిచింది.

ద్వితీయ వివాహ నిషేధ చరిత్రను సాధారణంగా సంస్కరణోద్యమ చరిత్రలో ఒక విజయఘట్టంగా చెప్పడం పరిపాటి. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం నుండి చూసినప్పుడు ఆ కథనం చాలదు. చట్టం పురుషుని రెండవ పెండ్లిని నిషేధించింది. అయితే ఏది పెండ్లి, ఏది కాదు అని తేల్చడానికి అది చేతబట్టిన కొలత ఈ ప్రాంతపు అధికసంఖ్యాక కులాల ఆచారం నుండి పుట్టినది కాదు. ఆ కొలత పురుషునికి తప్పుకొనే దారి చూపిన సందర్భాలున్నాయి. స్త్రీకి ఆచారమిచ్చిన స్వేచ్ఛను సందేహంలో పడవేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ వైరుధ్యం ఎట్లా ఏర్పడిందో, ఎవరి మీద ఏ భారం మోపిందో ఈ రెండు జిల్లాల అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలలో నిలిచిన ఆచారం

వివాహానికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని గమనిస్తే, చట్టాలకు ముందున్న సామాజిక వ్యవస్థ కొంత స్పష్టమవుతుంది. పెండ్లి, లగ్గం అనే మాటలు మొదటి వివాహానికి, అంటే ముహూర్తం పెట్టి బంధువుల సమక్షంలో జరిగే తంతుకు వాడుకలో ఉన్నాయి. భర్త చనిపోయిన స్త్రీ గానీ, భర్తను విడిచిన స్త్రీ గానీ మరొకరితో కాపురానికి పోవడాన్ని మారుమనువు అన్నారు; తెలంగాణ పలుకుబడిలో అది మారుమనం. పెండ్లికీ మనువుకూ మధ్య గౌరవంలోనూ తంతులోనూ తేడా ఉండేది. మారుమనువు చాలా కులాలలో రాత్రిపూట, కొద్దిమంది పెద్దల ఎదుట, కొత్త చీర పెట్టి పుస్తె కట్టడంతో ముగిసేది. అగ్నిహోత్రం, ఏడడుగులు అందులో భాగం కావు. అయినా ఊరు ఆ జంటను భార్యాభర్తలుగానే చూసేది. వారి పిల్లలకు తండ్రి ఆస్తిలో భాగం ఉండేది.

విడాకులు అనే మాట కూడా గమనింపదగినది. విడు, ఆకు అనే రెండు అచ్చ తెలుగు మాటల కలయిక అది. సంస్కృత ధర్మశాస్త్రం వివాహబంధాన్ని తెగనిదిగా భావించగా, తెలుగులో తెగతెంపులకు సొంత మాట ఉన్నదంటే, ఆ మాట అవసరమైన సమాజం ఉన్నదని అర్థం. నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రామాలలో విడుపు కాగితం, జనవ్యవహారంలో ఇడుపు కాయితం, కులపెద్దల ఎదుట రాసుకొనే పత్రం. ఓలి తిరిగి ఇవ్వడం, దండుగ కట్టడం, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చడం అందులో అంశాలు.

పురుషుని విషయంలో పదజాలం వేరుగా నడిచింది. భార్య ఉండగా అతడు మరొకరిని చేసుకొంటే పెద్దభార్య, చిన్నభార్య అనే వరుస ఏర్పడింది. సపత్ని నుండి వచ్చిన సవతి శబ్దం, దానితోపాటు సవతితల్లి, సవతిపోరు వంటి సమాసాలు నిత్యవ్యవహారంలో స్థిరపడ్డాయి. అతడు ఎవరినీ విడువనక్కరలేదు కాబట్టి అతని రెండవ పెండ్లికి ముందు విడుపు కాగితం ప్రసక్తి లేదు. స్త్రీ మారుమనువుకు పోవాలంటే పాత బంధం తెగాలి. పురుషుడు మారు పెండ్లి చేసుకోవడానికి పాత బంధం తెగనవసరం లేదు. చట్టాలు రాకముందు ఉన్న అసమానత ఇది.

నిజాం పాలనలో వివాహం

హైదరాబాదు రాజ్యంలో హిందువుల వివాహ, వారసత్వ విషయాలకు హిందూ ధర్మశాస్త్రమూ కులాచారమూ, ముస్లిములకు షరియత్తూ వర్తించేవి. ముస్లిముల నికా వివరాలు ఖాజీల వద్ద రాతపూర్వకంగా ఉండే పద్ధతి ఉండగా, హిందూ కులాల పెండ్లికి గానీ మనువుకు గానీ రాతపూర్వక నమోదు లేదు. సాక్ష్యమంతా పెద్దమనుషుల జ్ఞాపకంలోనే ఉండేది. ఈ లోపం ఆనాడు ఎవరికీ లోపంగా కనిపించలేదు. చట్టం రుజువు అడిగిన రోజున అదే ప్రధాన సమస్య అయింది.

సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రకటించిన నిజాం రాజ్యపు కులాలు, తెగల గ్రంథం ఈ విషయంలో ముఖ్యాధారం. ఆయన ప్రతి కులం గురించీ బహుభార్యత్వం, వితంతు వివాహం, విడాకులు అనే అంశాలను విడివిడిగా నమోదు చేశారు. ఈ పద్ధతిలోనే ఒక విషయం బయటపడుతుంది: విడాకులు, మారుమనువు ప్రతి కులంలోనూ లేవు. బ్రాహ్మణ, కోమటి కులాలు, వారి ఆచారాన్ని గౌరవచిహ్నంగా స్వీకరించిన సంపన్న కుటుంబాలు వాటిని నిషేధించుకొన్నాయి. సేద్యం, చేతివృత్తులు, కూలి ఆధారంగా బతికే కులాలలో అవి సాధారణం. పురుషుని బహుభార్యత్వానికి మాత్రం రెండు శ్రేణులలోనూ అభ్యంతరం లేదు. సంతానం లేకపోవడం, మగపిల్లవాడు కలుగకపోవడం దానికి ఎక్కువగా చెప్పిన కారణాలు. బావుల కింద, చెరువుల కింద సేద్యం చేసే మెట్ట ప్రాంతంలో మరొక మనిషి కష్టం కలిసిరావడం కూడా ఆ ఏర్పాటుకు తోడైన ఆర్థికాంశం.

సంస్కరణ వాదం ఈ జిల్లాలకు ఆంధ్రమహాసభ ద్వారా చేరింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ మహాసభ, దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగాయి. 1931లో ద్వితీయ మహాసభ నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, 1936లో పంచమ మహాసభ మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగరులో కొండా వెంకటరంగారెడ్డి అధ్యక్షతన జరిగాయి. బాల్యవివాహ నిషేధం, వితంతు వివాహం, బాలికా విద్య ఈ సభల ప్రధాన స్త్రీ సమస్యలు. వితంతు వివాహ నిషేధం అగ్రకులాల సమస్య. మారుమనువు ఉన్న కులాలకు అది కొత్త విషయం కాదు. సంస్కరణ ఎజెండాను ఏ వర్గపు అనుభవం రూపొందించిందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

1946 తరువాత నల్లగొండ జిల్లా సాయుధ పోరాటానికి కేంద్రమైనప్పుడు గ్రామ సంఘాలు వెట్టి, కౌలు, భూమి తగాదాలతోపాటు భార్యాభర్తల తగాదాలను కూడా విచారించాయి. దొరల గడీల ముందు, కులపెద్దల ముందు చెప్పుకోలేని మాటను స్త్రీలు సంఘం ముందు చెప్పుకొన్నారు. ఆ తీర్పులకు రాజ్యచట్టం అండ లేదు. పోరాటం విరమించిన తరువాత ఆ వేదిక కూడా నిలవలేదు.

నది సరిహద్దు: 1949 నుండి 1955 వరకు

స్వాతంత్ర్యానికి ముందే బొంబాయి రాష్ట్రం 1946లో హిందూ ద్వితీయ వివాహ నిరోధక చట్టం చేసింది. మద్రాసు శాసనసభ 1949లో, ఆ సంవత్సరపు ఆరవ చట్టంగా, హిందూ ద్వితీయ వివాహ నిరోధక, విడాకుల చట్టాన్ని ఆమోదించింది. దాని పేరులోనే రెండు అంశాలున్నాయి: ఒకవైపు రెండవ పెండ్లిని చెల్లకుండా చేయడం, మరొకవైపు విడిపోవడానికి న్యాయస్థానం ద్వారా దారి ఏర్పరచడం. హిందువులకు మాత్రమే ఏకవివాహ నియమం విధించడం సమానత్వ హక్కుకు విరుద్ధమన్న వాదాన్ని 1951లో బొంబాయి ఉన్నత న్యాయస్థానంలో చాగ్లా, గజేంద్రగడ్కర్ న్యాయమూర్తులు తోసిపుచ్చారు. సంస్కరణను దశలవారీగా తెచ్చే అధికారం రాజ్యానికి ఉన్నదని ఆ తీర్పు సారం. మద్రాసు చట్టాన్ని కూడా మద్రాసు ఉన్నత న్యాయస్థానం సమర్థించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ చట్టం ఆ రాష్ట్రంలో కొనసాగింది.

ఇదే కాలంలో హైదరాబాదులో చట్టాలు రాలేదని కాదు. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత పాలన వేగంగా చట్టాలు చేసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 1 నుండి భారత శిక్షాస్మృతి హైదరాబాదుకు విస్తరించింది. 1952 మార్చిలో మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో ఎన్నికైన మంత్రివర్గం ఏర్పడింది. నల్లగొండ పోరాటం ముందుకు తెచ్చిన ప్రశ్న భూమి కాబట్టి చట్టం భూమి చుట్టూ తిరిగింది. వివాహం మీద రాష్ట్ర చట్టం రాలేదు. హిందూ వివాహ చట్టం 30వ సెక్షనులో రద్దయిన పూర్వ చట్టాల పట్టిక ఉండేది. అందులో బొంబాయి, మద్రాసు, సౌరాష్ట్ర చట్టాలుండేవి. హైదరాబాదు పేరు లేదు.

శిక్షాస్మృతి విస్తరణ ఫలితం ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. భర్త గానీ భార్య గానీ జీవించి ఉన్న కారణంగా చెల్లని పెండ్లిని మళ్లీ చేసుకొనడం 494వ సెక్షను ప్రకారం నేరం. ఏడేళ్ల వరకు శిక్ష. మొదటి పెండ్లిని దాచిపెట్టి చేసుకొంటే 495వ సెక్షను కింద పదేళ్ల వరకు శిక్ష. హిందూ పురుషుని రెండవ పెండ్లి ధర్మశాస్త్రం ప్రకారం చెల్లేది కాబట్టి ఈ సెక్షను అతనికి వర్తించదు. భర్త ఉన్న హిందూ స్త్రీ రెండవ పెండ్లి చెల్లదు కాబట్టి ఆమెకు వర్తిస్తుంది. ఆచారం ఆమెకు అనుమతి ఇచ్చిందని చెప్పుకొనే అవకాశం ఉన్నా, దానిని న్యాయస్థానాలు సందేహంతోనే చూశాయి. 1864లో బొంబాయి ఉన్నత న్యాయస్థానం భర్త సమ్మతి లేకుండా కులాచారం ప్రకారం జరిగిన మారుమనువును నీతివిరుద్ధమైన ఆచారంగా తిరస్కరించింది. 1876లో అదే న్యాయస్థానం వివాహాన్ని రద్దు చేసే అధికారం కుల పంచాయితీకి లేదన్నది. కాబట్టి 1951 నుండి 1955 వరకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ద్వితీయ వివాహాన్ని శిక్షించే సెక్షను అమలులో ఉంది. హిందువులలో దాని పరిధిలోకి వచ్చింది స్త్రీ ఒక్కతే.

1955: ఏడడుగుల కొలత

హిందూ వివాహ చట్టం ఈ అసమానతను సూత్రరీత్యా తొలగించింది. పెండ్లి నాటికి వధూవరులలో ఎవరికీ జీవించి ఉన్న భార్య గానీ భర్త గానీ ఉండరాదని 5వ సెక్షను నియమం. ఉంటే ఆ పెండ్లి 11వ సెక్షను ప్రకారం శూన్యం. 17వ సెక్షను ద్వారా శిక్షాస్మృతి వర్తిస్తుంది. చట్టానికి ముందు రెండు పెండ్లిళ్లు చేసుకొన్న వాని భార్యలలో ఎవరైనా, మరొక భార్య జీవించి ఉన్నదన్న కారణంతో విడాకులు కోరే హక్కును 13వ సెక్షను ఇచ్చింది. కులాచారం ప్రకారం దొరికే విడాకులను 29వ సెక్షను కాపాడింది. కాగితం మీద ఇది మారుమనువు సంప్రదాయాన్ని గౌరవించిన చట్టం.

చిక్కు 7వ సెక్షనులో ఉంది. వధూవరులలో ఎవరి ఆచారం ప్రకారమైనా పెండ్లి జరగవచ్చునని, ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడవ అడుగుతో పెండ్లి పూర్తవుతుందని ఆ సెక్షను చెబుతుంది. రెండవ పెండ్లి నేరం కావాలంటే అది విధిప్రకారం జరిగిన పెండ్లి అని రుజువు కావాలని 1965లో మహారాష్ట్ర నుండి వచ్చిన అప్పీలులో సర్వోన్నత న్యాయస్థానం నిర్ణయించింది. హోమం, సప్తపది జరిగినట్టు గానీ, వాటి అవసరం లేని ఆచారం ఆ కులంలో ఉన్నట్టు గానీ రుజువు కానందున నిందితులు విడుదలయ్యారు. తరువాతి తీర్పులు ఈ సూత్రాన్నే అనుసరించాయి.

దీని పర్యవసానం గ్రామంలో స్పష్టం. భార్య ఉండగా పురుషుడు రెండవ స్త్రీని గుడిలో దండలు మార్చుకొని తెచ్చుకొన్నా, ఇంట్లో పుస్తె కట్టి తెచ్చుకొన్నా ఊరి దృష్టిలో అది పెండ్లే. కేసు వచ్చిన రోజున అతడు అది పెండ్లి కాదనవచ్చు. ఏ తంతు జరిగిందో, ఆ తంతు ఆ కులంలో పెండ్లికి చాలునో చాలదో రుజువు చేసే భారం ఫిర్యాదు చేసిన మొదటి భార్యది. ఆ పెండ్లికి ఆమెను పిలిచి ఉండరు. చూసినవారు భర్త వైపువారే. నేరం రుజువు కాకుంటే భర్త విడుదల అవుతాడు, ఆ రెండవ స్త్రీ మాత్రం భార్య కాని మనిషిగా మిగులుతుంది. రుజువైనా ఆమె పెండ్లి శూన్యమే. తప్పు అతనిదైనప్పుడు కూడా రెండు తీర్పులలోనూ చిన్నభార్యకు చట్టరీత్యా స్థానం లేదు.

ఇదే కొలత స్త్రీ విషయంలో తిరగబడుతుంది. కులపెద్దల ముందు విడుపు కాగితం రాయించుకొని మారుమనువుకు పోయిన స్త్రీ మీద మొదటి భర్త కేసు పెడితే, తమ కులంలో అటువంటి విడాకుల ఆచారం పురాతనమనీ, ఎడతెగనిదనీ, నిశ్చితమనీ చూపవలసిన భారం ఆమె మీద పడుతుంది. పెద్దమనుషులు చనిపోయి ఉండవచ్చు, కాగితం లేకపోవచ్చు. చూపలేకపోతే ఆమె రెండవ కాపురం శూన్యవివాహమై, ఆమే నేరస్థురాలవుతుంది. ఆచారం రుజువు కాకపోవడం పురుషునికి రక్షణ, స్త్రీకి ప్రమాదం. 1955 చట్టం రెండింటికీ ఒకే సూత్రం పెట్టినా, పాత అసమానత రుజువు నియమాల ద్వారా తిరిగి వచ్చింది.

తండాలు: సరిహద్దు తిరగబడిన కాలం

కృష్ణానది న్యాయసరిహద్దుగా నిలిచిన కథ 1955తో ముగియలేదు. హిందూ వివాహ చట్టం 2వ సెక్షను రెండవ ఉపవిభాగం ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటి తెగల జాబితా రాష్ట్రమంతటికీ ఒకటి కాదు. ఆంధ్ర, రాయలసీమ జిల్లాల జాబితాలో సుగాలీలు, అంటే లంబాడీలు ఉన్నారు. మహబూబ్‌నగర్, నల్లగొండ సహా తెలంగాణ జిల్లాల జాబితాలో చెంచులు ఉన్నారు, లంబాడీలు లేరు. ప్రాంతీయ పరిమితులను తొలగించిన 1976 సవరణ చట్టం 1977 జూలైలో అమలులోకి వచ్చేవరకు ఈ స్థితి కొనసాగింది.

దీని అర్థం ఇది. కర్నూలు జిల్లా సుగాలీ తండాలో రెండవ పెండ్లికి హిందూ వివాహ చట్టం అడ్డు కాదు. నదికి ఇవతల దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల తండాలలో అదే తెగకు చెందిన కుటుంబంలో అదే పెండ్లి శూన్యం, నేరం. 1949 నుండి 1955 వరకు దక్షిణపు ఒడ్డున నిషేధం, ఉత్తరపు ఒడ్డున అనుమతి. 1956 నుండి 1977 వరకు లంబాడీల విషయంలో ఉత్తరపు ఒడ్డున నిషేధం, దక్షిణపు ఒడ్డున మినహాయింపు. ఆ తరువాత రెండు ఒడ్డులూ చట్టానికి వెలుపలికి వచ్చాయి. గోత్రనియమాలు, ఓలి, నాయక్ పెద్దరికంలో జరిగే తండా పంచాయితీ, అన్న చనిపోతే వదినను తమ్ముడు చేసుకొనే ఆచారం ఈ మార్పులలో దేనినీ అనుసరించి మారలేదు. మారింది ఆ ఆచారాలకు న్యాయస్థానంలో ఉన్న విలువ మాత్రమే.

అమ్రాబాదు పీఠభూమి చెంచుల స్థితి వేరు. వారు మొదటినుండీ రెండు జాబితాలలోనూ ఉన్నందున ఈ చట్టం వారికి వర్తించలేదు. 1943లో చెంచుల మీద గ్రంథం ప్రకటించిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వారి కుటుంబంలో స్త్రీకి ఉన్న స్వతంత్ర స్థానాన్ని, విడిపోవడంలోని సులభత్వాన్ని నమోదు చేశారు. స్త్రీ సులభంగా విడిచిపోగల సమాజంలో పురుషుని బహుభార్యత్వానికి ఆ స్వేచ్ఛే ఒక హద్దుగా పనిచేయగలదు. శిక్ష ద్వారా ఏకవివాహాన్ని సాధించదలచిన చట్టం ఈ కోణాన్ని పరిగణించలేదు.

షెడ్యూల్డు తెగల స్త్రీ ద్వితీయ వివాహం మీద ఫిర్యాదు చేస్తే, తమ తెగ ఆచారంలో రెండవ పెండ్లి నిషిద్ధమనీ, అటువంటి పెండ్లి చెల్లదనీ ఆమే నిరూపించాలని 2001లో సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. హిందూ పద్ధతులను పూర్తిగా స్వీకరించిన తెగలవారికి హిందూ వివాహ చట్టం వర్తించవచ్చునని 2021లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం మీనా తెగకు చెందిన దంపతుల విషయంలో నిర్ణయించింది. ఈ రెండు తీర్పుల మధ్య తండా స్త్రీ ముందున్న ఎంపిక ఇరుకైనది: తాను హిందూ ఆచారంలో కలిసిపోయానని చెప్పుకోవాలి, లేదా తన తెగ ఆచారాన్ని సాక్ష్యాలతో నిరూపించాలి.

భూమి, సంతానం, లెక్కలు

ద్వితీయ వివాహం చట్టరీత్యా అంతరించినా వ్యవహారంలో అంతరించలేదని ఇతర చట్టాలే సాక్ష్యమిస్తాయి. 1973 ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం కుటుంబాన్ని నిర్వచిస్తూ ఒక వ్యక్తికి ఉన్న భార్యను లేదా భార్యలను ఒకే యూనిట్‌లో చేర్చింది. ఆ బహువచనంలో ముస్లిం కుటుంబాలూ, 1955కు ముందు జరిగిన పెండ్లిళ్లూ ఉన్నమాట నిజం. అయినా ఇద్దరు భార్యల పేర్ల మీద భూమిని విడదీసి పరిమితిని తప్పించుకొనే అవకాశం ఉన్నదన్న గ్రహింపు ఆ నిర్వచనంలో కనిపిస్తుంది. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలు కూడా రెండవ పెండ్లిని విడిగా నిషేధించవలసి వచ్చింది.

1961 జనాభా లెక్కల సందర్భపు వివరాలను 1974 నాటి స్త్రీల స్థితిగతుల సంఘం నివేదిక ఉదహరించింది. దాని ప్రకారం దేశంలో బహుభార్యత్వం హిందువులలో 5.8 శాతం, ముస్లిములలో 5.7 శాతం, ఆదివాసులలో 15.25 శాతం. అనుమతి ఉన్న సమాజానికీ నిషేధం ఉన్న సమాజానికీ మధ్య నాటికి చెప్పదగిన తేడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ సంఖ్య హిందువులలో 1.3, ముస్లిములలో 1.9 శాతానికి దిగింది. అనుమతి ఉన్నచోట కూడా తగ్గిందంటే, తగ్గుదలకు శిక్షాచట్టం ఒక్కటే కారణమనడం కష్టం. చదువు, కుటుంబ పరిమాణం, జీవనోపాధి మార్పులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సంతానం విషయంలో చట్టం క్రమంగా మెత్తబడింది. 1976 సవరణతో 16వ సెక్షను శూన్యవివాహంలో పుట్టిన పిల్లలను సక్రమ సంతానంగా గుర్తించి, తల్లిదండ్రుల ఆస్తిలో మాత్రమే హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే భాగం కూడా ఆ ఆస్తిలోకే వస్తుందని 2023 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. పిల్లలకు దొరికిన ఈ గుర్తింపు తల్లికి దొరకలేదు. మోసపోయి రెండవ భార్య అయిన స్త్రీకి మనోవర్తి విషయంలో 2013 తీర్పు కొంత ఊరటనిచ్చినా, ఆమె వివాహం చెల్లుబాటు కాలేదు.

1992 సవరణ, 2024 మార్పు

ద్వితీయ వివాహ నేరంలో పోలీసులు నేరుగా కేసు నమోదు చేసే అధికారం మొదట లేదు; బాధితురాలు మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేసుకోవాలి. కోర్టు ఖర్చు, సాక్షుల రాకపోకలు, వాయిదాలు ఆమె భారమే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1992లో నేర విచారణ స్మృతి పట్టికను సవరించి 494, 495 సెక్షన్ల నేరాలను పోలీసులు స్వయంగా దర్యాప్తు చేయదగినవిగా మార్చింది. మొదటి పెండ్లిని దాచి చేసుకొన్నప్పుడు రెండవ భార్య కూడా బాధితురాలే కాబట్టి ఫిర్యాదు చేయవచ్చునని 2011లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన కేసులో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. సవతులిద్దరినీ ఒకరికొకరు శత్రువులుగా కాక, ఒకే మోసానికి గురైన ఇద్దరుగా చూసిన తీర్పు కావడం దాని విశేషం.

2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ద్వితీయ వివాహ నేరం ఇప్పుడు 82వ సెక్షను. శిక్షలు పూర్వం వలెనే ఉన్నాయి. విచారణకు సంబంధించిన కొత్త సంహిత పట్టికలో ఈ నేరం పోలీసులు నేరుగా కేసు చేపట్టలేనిదిగా, బెయిలు దొరికేదిగా ఉంది. 1992 సవరణ పాత స్మృతి పట్టికకు చేసినది. కాబట్టి మూడు దశాబ్దాలుగా తెలుగు స్త్రీకి ఉన్న సౌలభ్యం నిలవాలంటే రాష్ట్ర శాసనసభ దృష్టి అవసరం. ఇదే సంవత్సరం, తంతు జరగకుండా నమోదు పత్రం ఒక్కటే హిందూ వివాహాన్ని కల్పించదని సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. రాష్ట్రంలో 2002 నుండి వివాహ నమోదు తప్పనిసరి అయినా, ఏడడుగుల కొలత తన స్థానాన్ని వదలలేదు.

ముగింపు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవం మూడు విషయాలను స్థిరపరుస్తుంది. మొదటిది, ఏకవివాహ చట్టం తెలుగు సమాజం మీద ఒకే విధంగా పడలేదు. పాలనా సరిహద్దులు, తెగల జాబితాలు ఒకే కులానికి, ఒకే తెగకు నదికి అటూ ఇటూ వేర్వేరు న్యాయాలను నిర్ణయించాయి. రెండవది, మారుమనువు, విడుపు కాగితం వంటి ఆచారాలు వెనుకబాటుతనపు గుర్తులు కావు. శాస్త్రసంప్రదాయం నిరాకరించిన వివాహ విముక్తిని అవి స్త్రీకి శతాబ్దాలుగా ఇచ్చాయి. చట్టం వాటిని మాటలో కాపాడి, రుజువు నియమంలో బలహీనపరిచింది. మూడవది, నిషేధం ప్రయోజనం దానిని అమలు చేయించుకోగల మనిషి స్థితి మీద ఆధారపడి ఉంటుంది. ఆ మనిషి ఇక్కడ మొదటి భార్య. ఆమె చేతిలో ఉన్నది ఊరి జ్ఞాపకం. న్యాయస్థానం అడిగింది తంతుకు సాక్ష్యం.

ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికి తీర్పుల సంపుటాలు మాత్రమే చాలవు. కులపెద్దల వద్ద, పాత ఇళ్ల పెట్టెలలో మిగిలిన విడుపు కాగితాల సేకరణ, మారుమనువు తంతుల వివరమైన నమోదు, వాటి పదజాల పరిశీలన తెలుగు పరిశోధనకు దగ్గరి పనులు. ఆచారం పురాతనమనీ ఎడతెగనిదనీ న్యాయస్థానంలో నిరూపించవలసిన స్త్రీకి ఆ నమోదు సాక్ష్యంగా కూడా ఉపకరిస్తుంది.